నీలి బాన మీద నేరం

"పారబోస్తానంటే పారబొయ్యి అన్నయ్యా. కాకపోతే ముందు నన్ను అందులో ముంచి ఆ తర్వాత పారబొయ్యి. ఒకే దెబ్బకి మీ మొగుడూ పెళ్లాల ప్రాణం హాయిగా ఉంటుంది."

ఆడపడుచు గొంతు పెరట్లో బయల్దేరి, వంటగది దాటి, పడకగదిలో ఉన్న రంగులమ్మ చెవిలో వాలింది.

రంగులమ్మ కళ్లు తెరవలేదు. ఆవిడకింకా కల పూర్తిగా వదల్లేదు.

ఈమధ్య రోజూ తెల్లవారేవేళకి అదే కల. పెరట్లో గుడ్డలకి రంగు వేసే నీలిమందు బాన ఉంటుంది. అందులో తనే ఒక నూలుగుడ్డయి మునిగి ఉంటుంది. చుట్టూ ఆకుపచ్చ చీకటి. నీళ్లు మెల్లగా ఊగుతుంటాయి, ఎవరో జోకొడుతున్నట్టు. ఆ ఊపు మొదట్లో ఎంత హాయిగా ఉంటుందంటే, ఎవరూ తనని పైకి తీయకపోతే బాగుండుననిపిస్తుంది. ఆ తర్వాత ఊగుతున్నది నీళ్లు కాదని, తన కడుపని తెలుస్తుంది. అక్కడితో మెలకువ వస్తుంది.

మెలకువ వచ్చినా గది ఊగుతూనే ఉంటుంది. కిటికీలోంచి వచ్చే వెలుతురు కూడా కాస్త నీలంగానే ఉంటుంది. నోట్లో నీళ్లూరుతాయి. రంగులమ్మ అరచెయ్యి పెదాల మీద అదిమిపెట్టుకుని, గోడలు కుదురుగా నిలబడేదాకా ఎదురుచూస్తుంది. ఆ తర్వాత లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా పెరట్లోకి నడుస్తుంది.

ఇవాళ పెరట్లోకి వెళ్లడానికి దారి లేదు. అన్నాచెల్లెళ్లిద్దరూ అక్కడ బాహాబాహీకి సిద్ధంగా ఉన్నారు.

"అమ్మ బానంటే నాకు మాత్రం ప్రేమ లేదా? కానీ మనిషి ముందా, మట్టి ముందా?" అంటున్నాడు రంగులమ్మ భర్త.

"మనిషే ముందు. అందుకే మనిషికి మందు వేయించు. బానేం చేసింది?"

"చేసిందంతా అదే. రోజూ పరగడుపున దాన్ని నాలిక మీద వేసుకోవడమేమిటి? సున్నం, బెల్లం, పులిసిన తవుడు. గేదె కూడా మూతి పెట్టదు."

"మా అమ్మ బతికినన్నాళ్లూ వేసుకుంది. దుక్కలా ఉండేది."

"అమ్మకి షుగరు లేదు."

"వదినకుంది. అందుకే ఆ బెల్లం నీళ్లు వదల్లేకపోతోందేమో! రుచి చూసే వంకతో ఎంత చప్పరిస్తోందో ఎవరు చూడొచ్చారు?"

 ఒకసారి అనేసిన మాట వెనక్కి తీసుకోవడం ఆడపడుచుకి చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు. దర్జీ పని ఆమెది. పెళ్లి మాట ఎత్తినవాళ్ల మీదికి కత్తెర ఎత్తేది. కత్తిరించాక గుడ్డని అతికించలేమన్న సంగతి మాత్రం మాటల విషయంలో ఎప్పుడూ గుర్తుండేది కాదు.

రంగులమ్మకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏళ్ల తరబడి పొద్దునా రాత్రీ పొట్టలో ఇన్సులిన్ సూది పొడుచుకుంటూ, తీపన్నది మరిచిపోయిన మనిషి. కాఫీలో చక్కెర పలుకు పడితే గ్లాసు పక్కన పెట్టేసే మనిషి. ఆ మనిషిని పట్టుకుని బెల్లం దొంగ అంది. కోపం రావలసిందే. కానీ వికారం ఉన్నచోట కోపానికి చోటు చాలదు.

ఆవిడ లేచి, గోడ పట్టుకుని పెరట్లోకి వచ్చింది. ఇద్దరినీ తప్పుకోమన్నట్టు చెయ్యి ఊపింది. కాలవ దగ్గర కూర్చుంది. రాత్రి తిన్నదంతా బయటికి వచ్చింది. భర్త వీపు రాశాడు. ఆడపడుచు చెంబుతో నీళ్లు తెచ్చి, ఆవిడ ముఖం చూడకుండా పక్కన పెట్టింది.

బాన కాలవ పక్కనే ఉంది. సగం నేలలో పాతిన పెద్ద మట్టి బాన. మూత తీస్తే పైన రాగి రంగు మెరుపు, దాని మీద నీలం నురగ. అడుగున ఏముందో ఎవరూ చూడలేదు. గుడ్డ ముంచి తీస్తే ఆకుపచ్చగా వస్తుంది. గాలి తగిలాక, చూస్తుండగానే నీలమైపోతుంది. ఎన్నేళ్లుగా చేస్తున్నా ఆ క్షణంలో రంగులమ్మ ఇప్పటికీ ఊపిరి బిగబడుతుంది.

అది ప్రాణమున్న బాన. తిండి పెట్టకపోతే చచ్చిపోతుంది. అందుకే రోజూ పొద్దున్నే రుచి చూడాలి. నాలిక చురుక్కుమంటే సున్నం ఎక్కువైనట్టు, చప్పగా ఉంటే ఆకలిమీద ఉన్నట్టు. అత్తగారు దాన్ని "నా పెద్దకూతురు" అనేది. అసలు కూతురు ఆ మాట విన్నప్పుడల్లా మూతి ముడుచుకునేది. పోయేముందు అత్తగారు రంగులమ్మ చెయ్యి పట్టుకుని బాన అంచు మీద పెట్టింది.  ఆ రోజు నుంచి ఈ ఇంట్లో రంగులమ్మ కోడలు కాదు, ఇంటిది.

ఇప్పుడా బానని పారబోస్తానంటున్నాడు భర్త. మొన్న సాయంత్రం ఆవిడ బాన పక్కనే చెమటలు కక్కుతూ, మాట తడబడి కింద పడిపోయినప్పటి నుంచి ఆయనకి దాని మీద పగ పట్టుకుంది.

"సరే, ఒక మాటనుకుందాం," అన్నాడాయన, పంచాయతీ తీర్చే పెద్దమనిషిలా గొంతు సవరించుకుని. "ఇవాళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాం కదా. ఆవిణ్ణే అడుగుదాం. బానే కారణమంటే సాయంత్రానికల్లా పారబోస్తాను. మీరిద్దరూ నోరెత్తడానికి వీల్లేదు."

"కాదంటే?" అంది ఆడపడుచు.

"కాదంటే ఇక దాని జోలికి రాను. అమ్మ మీదొట్టు."

"వదినా, నీకిష్టమేనా?"

రంగులమ్మ మూత తీసి, వేలు ముంచబోయింది. భర్త ఆ మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు. అయినా వదల్లేదు.

"ఇవాళొద్దు," అన్నాడు.

బాన పైన నురగ పలచబడి ఉంది. ఆకలిమీద ఉన్నట్టుంది. దాన్ని అలా వదిలేసి వెళ్లడం రంగులమ్మకి మనసొప్పలేదు.

"అమ్మడూ," అంది ఆడపడుచుతో. "నేనొచ్చేలోపు దీనికి బెల్లం వేస్తావా? రుచి చూసి వెయ్యి. ఊరికే వేస్తే పాడైపోతుంది."

"నేనా? నేనెప్పుడు దీనికి నాలిక పెట్టాను?"

"మీ అమ్మ కూతురివేగా. నాలిక దానంతటదే చెబుతుంది."

 బెల్లం దొంగ అన్న మాట ఇద్దరి మధ్యా ఇంకా అలాగే నిలబడి ఉంది. రంగులమ్మ చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లిపోయింది.

ఆసుపత్రి వరండాలో పొడుగాటి బల్లల మీద పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లు కూర్చున్నారు. ఆకలికి అందరి తలలూ ఒక పక్కకి వాలి ఉన్నాయి. ఫ్యాను తిరుగుతుంటే నీడలు ముఖాల మీదుగా పోతున్నాయి, వస్తున్నాయి. ఇంతమందీ ఒకే కల కంటున్నారేమో అనిపించింది రంగులమ్మకి.

ఆవిడ భర్తకి మాత్రం కలలు పడవు. ఆయన కడుపులో మాట దాగదు కూడా. ఊరంతా తిరిగి భార్య అద్దిన గుడ్డలు కొట్లకి వేసే మనిషి. పక్కనున్న రిటైరైన మాస్టారుతో క్షణంలో వరస కలిపేశాడు.

"మీక్కూడా పొద్దున్నే వికారమా మాస్టారూ?"

"కొత్త మాత్ర మొదలెట్టినప్పుడు ఉండేదండీ. ఖాళీ కడుపున వేసుకునేవాణ్ణి. తిన్నాక వేసుకోమన్నారు. తగ్గింది."

"మీ ఇంట్లో బాన ఉందా?"

"బానా?"

"ఏం లేదులెండి. మరి మీకమ్మా?"

"నాకు షుగరు బాగా ఎక్కువైనప్పుడు వస్తుంది బాబూ," అంది అవతలి బల్ల మీదున్న పెద్దావిడ. "నోరెండిపోయి, కడుపులో తిప్పి... ఒకసారి ఇక్కడే పడుకోబెట్టి సీసాలెక్కించారు."

"మీ ఇంట్లోనూ బాన లేదా?"

"బాన దేనికి నాయనా, కుళాయుందిగా!"

వరండాలో సగంమంది నవ్వారు. రంగులమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఈ మనిషి మీద కోపం నిలబడకుండా చేసేది ఇదే. బానలేని ఇళ్లలో కూడా వికారం ఉందన్న మాట ఆయన చెవిన పడింది కానీ బుర్రకెక్కలేదు.

డాక్టరమ్మ చిన్న మనిషి. ఎదుటివాళ్లు చెప్పడం అయ్యేదాకా కలం కదపదు. భర్త చెప్పిందంతా విన్నది: బాన, బెల్లం, సున్నం, నాలిక, కాలవ, మొన్న పడిపోవడం. విన్నాక రంగులమ్మ వైపు తిరిగింది.

"వికారం బాన దగ్గరికి వెళ్లాక మొదలవుతుందా, వెళ్లకముందే ఉంటుందా?"

"వెళ్లాకేనండీ," అన్నాడు భర్త.

"మిమ్మల్ని కాదు."

రంగులమ్మ చేతుల వైపు చూసుకుంది. గోళ్ల చుట్టూ ఎప్పటికీ పోని నీలం.

"పక్క మీదే," అంది. "ఇంకా చెప్పాలంటే కలలోనే."

భర్త కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"మీరు నిద్రపోతుంటారు కదా."

"లేపకూడదా?"

"లేపి ఏం చెయ్యను? గదిలో కక్కితే ఎవరు కడుగుతారు? కాలవ పెరట్లో ఉంది. అందాకా ఆపుకుంటాను. వెళ్లినదాన్ని ఎలాగూ వెళ్లానని బాన రుచి చూస్తాను. ఆ తర్వాత ఆగదు. కాలవ బాన పక్కనుంటే నేనేం చెయ్యను?"

డాక్టరమ్మ అడిగింది ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న. తనకి తాను కూడా ఆవిడ వేసుకోలేదు.

"వాంతిలో ఏం వస్తోంది?" అంది డాక్టరమ్మ.

"రాత్రి తిన్నది తిన్నట్టే."

"రెండు ముద్దలకే కడుపు నిండిపోతోందా?"

"అవునండీ."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. పొట్ట చేత్తో చూసింది. తర్వాత నిదానంగా చెప్పింది. షుగరు చాలాకాలం ఉంటే పొట్టని కదిలించే నరం మొద్దుబారుతుంది. రాత్రి తిన్నది తెల్లారేదాకా కిందికి దిగదు. అందుకే పొద్దున్నే తిప్పుతుంది. పరీక్ష చేశాకే ఖాయంగా చెబుతాను కానీ, నాకలాగే కనిపిస్తోంది, అంది.

"మరి మొన్న పడిపోవడం?" అన్నాడు భర్త. 

"సూది దాని పని అది చేసుకుపోయింది. తిన్నది మాత్రం పొట్టలోనే ఉండిపోయింది. రక్తంలో షుగరు పడిపోయింది. ఇంకాసేపు ఎవరూ చూడకపోయి ఉంటే..." డాక్టరమ్మ ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. "సూది ఎంత, ఎప్పుడు అన్నది మారుద్దాం. పరీక్షలయ్యేదాకా కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తినండి. రాత్రి పెందరాళే తినండి. తిన్నవెంటనే పడుకోవద్దు, నాలుగడుగులు వెయ్యండి. అన్నిటికంటే ముఖ్యం ఒకటుంది. వికారం వచ్చినా, వాంతి వచ్చినా దాచొద్దు. సూది వేసుకున్నాక తిండి నిలవలేదంటే ఆ సంగతి ఇంట్లో వాళ్లకి ఆ నిమిషమే తెలియాలి. ఇది ప్రాణం మీదికొచ్చే విషయం."

"మరి బాన?" అంది రంగులమ్మ. అసలు అడగడానికి వచ్చింది అదొక్కటే అన్నట్టు అడిగింది.

"అది నాలిక మీద వేసుకోవద్దు. సున్నం మంచిది కాదు. కానీ మీ వికారానికి బానతో సంబంధం లేదమ్మా. దాన్ని ఆడిపోసుకోకండి."

బస్సులో రంగులమ్మకి కిటికీ పక్క సీటు దొరికింది. ఇళ్లు, కొట్లు, తాళ్ల మీద ఆరేసిన దుప్పట్లు కరిగిపోతున్న రంగుల్లా వెనక్కి జారుతున్నాయి. జబ్బు పెద్దదేనని తెలిసింది. అయినా మనసు తేలికగా ఉంది. నేరం మోపిన మనిషి నిర్దోషి అని కోర్టులో తేలితే ఇంటివాళ్లకి ఇలాగే ఉంటుందేమో.

"నాలిక బదులు వాసన చూస్తే చాలదూ?" అంది భర్తతో. "అత్తగారు చివర్లో వాసనతోనే చెప్పేది."

"చాలకపోతే నేను చూస్తాలే రుచి. కడుపు రాయిలాంటిది నాది." ఆయన ఆవిడ వైపు తిరిగి, "ఒసే, నన్ను లేపవే. ఇకనుంచి కల సగంలో ఉన్నా సరే లేపు," అన్నాడు.

ఆవిడ ఆయన భుజం మీద తల వాల్చింది.

"చెల్లెలికి నేను చెప్తా," అన్నాడాయన. "ఒట్టేశాను కదా. ఓడిపోయానని నా నోటితోనే చెప్పాలి."

"మీరు నోరు కట్టుకోండి. నేను చెప్తాను. ఆ పిల్ల ముఖం నేను చూడాలి. బెల్లం దొంగ సంగతి కూడా అప్పుడే తేలుస్తాను."

ఆవిడ నవ్వుతూనే బస్సు దిగింది.

వీధి మలుపు తిరగ్గానే ఎవరో పిల్లలు అరుస్తూ పరిగెత్తుతున్నారు. మురుగు కాలవ ఇవతలికీ అవతలికీ గెంతుతున్నారు. ఒక కుక్క నీలం కాళ్లతో నడిచిపోయింది.

రంగులమ్మ ఆగిపోయింది. కళ్లు నులుముకుంది. షుగరు ఎక్కువైన రోజుల్లో కళ్లు ఇలా మసకబారడం ఆవిడకి అలవాటే. కానీ ఇంత అందంగా ఎప్పుడూ మసకబారలేదు.

కాలవలో నీళ్లు ఆకుపచ్చగా వస్తున్నాయి. వస్తూ వస్తూ, గాలి తగిలినకొద్దీ, చూస్తుండగానే నీలమైపోతున్నాయి. రాళ్ల చుట్టూ రాగి రంగు మెరుపు తిరుగుతోంది. వీధి పొడుగునా ఎవరో ఒక గుడ్డని మెల్లగా పైకి తీస్తున్నట్టుంది.

"నేను కాదు," అన్నాడు భర్త. ఆయన ముఖం పాలిపోయింది. "నేను పొద్దుట్నుంచీ నీతోనే ఉన్నానుగా. నేను కాదే."

ఆవిడ అప్పటికే నడుస్తోంది. నీళ్లకి ఎదురుగా, ఇంటివైపు. పరిగెత్తాలని ఉంది కానీ కాళ్లు కలలోలాగే మెల్లగా కదిలాయి.

పెరట్లో బాన మూత గోడకి ఆనించి ఉంది. ఆడపడుచు బాన పక్కన నేల మీద కూర్చుని ఉంది. చేతులు భుజాలదాకా నీలం. చెంప మీద, నుదుటి మీద నీలం. ఒళ్లో ఖాళీ బకెట్టు. బానలో అడుగున చీకటి తప్ప ఏమీ లేదు. ఇన్నేళ్లూ ఎవరూ చూడని అడుగు అది. మామూలు మట్టే.

"వచ్చారా," అంది ఆడపడుచు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "సాయంత్రం దాకా ఎందుకని నేనే తోడేశాను. అన్నయ్య చేత్తో పారబోస్తే నేను చూడలేను. నా చేత్తో అయితే..."

"అమ్మడూ, ఎందుకు చేశావే?"

"నువ్వు చెప్పినట్టే నాలిక మీద వేసుకున్నాను వదినా. ఒక్క చుక్క. పేగులు నోట్లోకొచ్చాయి. ఇక్కడే, నువ్వు కూర్చునే చోటే కూర్చుండిపోయాను. ఎంతసేపటికీ లేవలేకపోయాను. ఏ జబ్బూ లేని నాకే ఇలా ఉంటే, నువ్వు రోజూ... రోజూ దీన్ని మింగుతూ, మాకు అన్నం వండి పెడుతూ..." ఆమె చేతులతో ముఖం కప్పుకోబోయి, రంగు చూసి ఆగిపోయింది. "నేనేమో బెల్లం కోసం చప్పరిస్తున్నావన్నాను. నోరు పడిపోను."

"ఊరుకో."

"మొన్న నువ్వు పడిపోయినప్పుడు చచ్చిపోయావనుకున్నాను వదినా. అమ్మ పోతే నువ్వున్నావు. నువ్వు పోతే నేను ఈ కుండని పట్టుకుని ఏడవనా?"

"అది కాదే చెల్లీ," అన్నాడు భర్త, గుమ్మంలోంచి. "డాక్టరమ్మేమందంటే..."

రంగులమ్మ వెనక్కి జరిగి ఆయన కాలు తొక్కింది. గట్టిగానే తొక్కింది. ఆయన నోరు మూతపడింది.

"ఏమంది?" ఆడపడుచు తలెత్తింది. ఆ నీలం ముఖంలో కళ్లు రెండూ ఎర్రగా ఉన్నాయి. "బానే కదా వదినా? నేను తప్పు చెయ్యలేదు కదా?"

రంగులమ్మ బానవైపు చూడలేదు. చూస్తే తను నిజం చెప్పేస్తానేమోనని భయమేసింది. అమ్మ ప్రాణంలా చూసుకున్నదాన్ని వదిన కోసం తన చేతులతో చంపుకున్న పిల్ల ఎదురుగా ఉంది. కారణం నువ్వు చంపినది కాదని ఏ నోటితో చెబుతుంది?

"బానే అమ్మడూ," అంది. "మంచిపని చేశావు."

భర్త గుమ్మాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆడపడుచు వచ్చి రంగులమ్మ భుజం మీద తల పెట్టుకుంది. చీరకి రంగంటకుండా చేతులు రెండూ దూరంగా చాపి ఉంచింది. కాసేపటికి ఆమె ఏడుపు తగ్గింది. తగ్గాక, చాలా రోజుల తర్వాత, చిన్నపిల్లలా నవ్వింది.

"రాత్రికి నీ పక్కనే పడుకుంటా వదినా. అన్నయ్యని ముందు గదిలోకి పొమ్మను. రేపు పొద్దున్న వికారం లేకుండా నువ్వు నిద్రలేవడం నా కళ్లతో చూడాలి."

దాచొద్దన్న డాక్టరమ్మ మాట గుర్తొచ్చినా, రంగులమ్మ సరేనంది.